కూలి మొఱ్ఱ, వ్యవసాయకుని ఓపిక

ధ్యాన వాక్యభాగము: యాకోబు 5:1-12



 కోలారు బంగారు గనుల ప్రాంతములోను, బెంగుళూరులోను, చెన్నపట్టణములోను, షోలాపూరు, భీవండీలలోను, బరంపురము, రాయగడలలోను, యానాములోను తెలుగు బైబిలు చేతపట్టుకొని ప్రతి ఆదివారము కూడుకొనుచున్న మన సంఘములను జ్ఞాపకము చేసికొని ఈ మాటలు వ్రాయుచున్నాము.

యాకోబు పత్రిక ఎవరికి వ్రాయబడినదో మొదటి అధ్యాయము మొదటి వచనములోనే మనకు తెలియుచున్నది. స్వస్థలము విడిచి అన్యదేశములలో చెదరియున్న వారికి అది వ్రాయబడెను. ఇంట ఒక భాష, వీధిలో మరియొక భాష మాట్లాడుకొనుచు, పరుల పొలములలో కూలికి పోవుచు, ధనవంతుల చేత న్యాయసభలకు ఈడ్వబడుచు బ్రదికిన విశ్వాసులు వారు. కాబట్టి ఈ పత్రిక మనకు పరాయిది కాదు. మన చిరునామాకే వచ్చిన ఉత్తరమువలె దీనిని విప్పి చదువుకొందము.

మన సంఘములలో ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. విశ్వాసియైనవాడు అన్యాయమును సహింపవలెనా, లేక ప్రశ్నింపవలెనా? పెద్దలు "ఓపిక పట్టుడి, దేవుడే చూచుకొనును" అందురు. యౌవనస్థులు "ఎన్ని తరములు ఓపిక పట్టవలెను?" అని అడుగుదురు. ఇరువురి చేతిలోను బైబిలే ఉన్నది. యాకోబు 5వ అధ్యాయమును ప్రార్థనాపూర్వకముగా చదివినయెడల, దేవుడు ఈ రెంటిని విడదీయలేదని గ్రహించెదము. 4వ వచనములో కూలివాని మొఱ్ఱ ఉన్నది. 7వ వచనములో వ్యవసాయకుని ఓపిక ఉన్నది. రెంటికిని నడుమ రెండు వచనములే ఉన్నవి.

1. కూలి మొఱ్ఱ పెట్టుచున్నది

చేలు కోసినవారికి ఇయ్యక బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు చెప్పుచున్నాడు. ఇచ్చట ఒక సంగతి గమనింపుడి. మొఱ్ఱపెట్టునది మొదట కూలియే. కూలివాడు నోరు తెరచినయెడల రేపు పని దొరకదు. అతని ఇంట పొయ్యి వెలుగదు. కావున అతడు మౌనముగా ఇంటికి పోవును. గాని యజమానుని పెట్టెలోనున్న ఆ సొమ్ము మౌనముగా ఉండదు. అది సైన్యములకధిపతియగు ప్రభువు చెవికి వినబడునట్లు కేకలు వేయును.

ఇది యాకోబు క్రొత్తగా చెప్పిన మాట కాదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో దేవుడు మోషేద్వారా ఒక కట్టడ ఇచ్చెను. దీనుడైన కూలివాని కూలి ఆనాడే, సూర్యుడు క్రుంకకమునుపే చెల్లింపవలెను. ఆ కూలివాడు స్వజనుడైనను సరే, గ్రామములో నివసించు పరదేశియైనను సరే, భేదము చూపరాదు. పరదేశిని గూర్చి దేవుడు ప్రత్యేకముగా ఎందుకు చెప్పెను? పరదేశికి ఆ ఊరిలో చుట్టములు లేరు, పంచాయతీలో మాట సాయము లేదు, ఒక్కొక్కప్పుడు ఆ ఊరి భాషయు సరిగా రాదు. వానిని మోసగించుట సులభము. ఆ సులభమైన చోటనే దేవుడు కావలి నిలిపెను.

మరియొక సంగతి. కూలివాడు వ్రాయలేని ఉత్తరమును యాకోబు వ్రాసెను. ఆయన యెరూషలేము సంఘములో స్తంభమువంటివాడని ఎంచబడిన పెద్ద. పొలములో చెమటోడ్చినవాడు నోరు విప్పలేనప్పుడు, సంఘపు పెద్ద వాని పక్షమున కలము పట్టెను. కూలివానికి ఓపిక నేర్పకమునుపే, కూలి బిగబట్టినవానికి హెచ్చరిక చేసెను. ఈ వరుసను మనము తారుమారు చేయరాదు. బాధపడువానికి ఓపికను గూర్చి ప్రసంగించి, బాధపెట్టువానితో ఒక్క మాటయు పలుకని సంఘము యాకోబు పత్రికలో సగమే చదివినది.

2. వ్యవసాయకుడు ఊరక కూర్చుండడు

ఇక ఓపిక యొక్క సంగతి. యాకోబు దీనికి వ్యవసాయకుని మాదిరిగా చూపుచున్నాడు. పాలస్తీనా దేశములో తొలకరి వర్షము అక్టోబరు, నవంబరు నెలలలో పడును. కడవరి వర్షము మార్చి, ఏప్రిల్ నెలలలో, కోతకు ముందు పడును. ఈ రెండు వానల నడుమ ఇంచుమించు ఆరు నెలల కాలమున్నది. ఆ ఆరు నెలలు వ్యవసాయకుడు అరుగుమీద కూర్చుండునా? దున్నును, విత్తును, కలుపు తీయును, గట్లు సరిచేయును, రాత్రివేళ కావలి కాయును. వానను రప్పించుట వాని చేతిలో లేదు. వాన వచ్చునప్పటికి చేను సిద్ధముగా ఉంచుట వాని చేతిలో ఉన్నది. దీనినే యాకోబు ఓపిక అనుచున్నాడు.

మన తెలుగు బాప్టిస్టు పితరులు ఈ ఓపికను ఎరిగినవారే. 1866లో యర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిరి. ఆయన తోలుపని చేయు కులమున పుట్టినవాడు. ఆయన వెనుక ఒంగోలు ప్రాంతపు పల్లెలలో అనేకులు ప్రభువును అంగీకరించిరి. ఆ తొలి విశ్వాసులు మూడు సంగతులు నిశ్చయము చేసికొనిరి. ఆదివారము పనికి పోరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు ఇవి చిన్న నియమములుగా కనబడవచ్చును. గాని ఊరి పెద్ద పిలిచిన దినమున, పిలిచిన పనికి పోవుటయే తమ బ్రదుకుగా ఉండిన జనులు, వారములో ఒక దినమున "ఈ దినము మేము రాము" అని చెప్పుట ఎంత సాహసమో ఆలోచింపుడి. అందు నిమిత్తము వారు పెద్దల ఆగ్రహమునకు గురియైరి. పని పోగొట్టుకొనిరి. అయినను కఱ్ఱ పట్టలేదు, పగ తీర్చుకొనలేదు. రాము అన్న మాటను మాత్రము వెనుకకు తీసికొనలేదు.

తరువాత 1876 మొదలుకొని 1878 వరకు గొప్ప కరువు సంభవించెను. ఆ కాలమున మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టుగా తీసికొని, ఆకలితో వచ్చిన వేలాదిమందికి పని కల్పించిరి. మన బోధకులే ఆ పనికి మేస్త్రీలుగా నిలిచిరి. పగలు లెక్క చూచుట, విశ్రాంతివేళ వాక్యము చెప్పుట వారి పనియై ఉండెను. ఒక్క సంగతి మరువరాదు. కరువు సాయము కొఱకు ఎవరును క్రైస్తవులు కాకూడదని, ఆ కష్టకాలమున బాప్తిస్మములు నిలిపివేసిరి. గంజి చూపి సువార్తను అమ్మలేదు. కూలి కూలిగా చెల్లించిరి, వాక్యము వాక్యముగా ప్రకటించిరి. కరువు తగ్గుముఖము పట్టిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము వార్షికోత్సవములలో సంతోషముతో చెప్పుకొనుచున్నాము. ఆ నీళ్ళకు ముందు ఆ త్రవ్వకపు కూలి కూడ ఉన్నదని మన పిల్లలకు చెప్పవలెను.

3. యోబు ఓపికగలవాడే, మౌని కాడు

11వ వచనములో యాకోబు యోబు సహనమును జ్ఞాపకము చేయుచున్నాడు. మనము యోబు అనగానే బూడిదలో కూర్చుండిన మనుష్యుని తలంతుము. గాని యోబు గ్రంథములో 42 అధ్యాయములున్నవి. అందులో యోబు మాటలే మిక్కిలి విస్తారము. ఆయన ప్రశ్నించెను, వాదించెను, విలపించెను. కడపట దేవుడు తప్పుపట్టినది "నీవు ఏదో పాపము చేసితివి గనుకనే ఈ శ్రమ" అని పలికిన స్నేహితులను. తన సేవకుడైన యోబు తన్ను గూర్చి యుక్తముగా పలికెనని దేవుడే సాక్ష్యమిచ్చెను. యోబు సంపన్నుడుగా ఉండిన దినములలో ఏమి చేసెనో 29, 31 అధ్యాయములలో చదువుడి. తెలియనివాని వ్యాజ్యెమును సైతము శ్రద్ధగా విచారించెను. తన పనివారు తనపైననే ఫిర్యాదు తెచ్చినప్పుడు దానిని త్రోసివేయలేదు.

ఈ యోబు స్నేహితుల మాట నేటికిని మన మధ్య తిరుగుచున్నది. మురికికాలువ శుభ్రము చేయు సహోదరుని చూచి "వాని తలవ్రాత అంతే" అనువారు సంఘములోను ఉన్నారు. బాప్తిస్మము పొందిననాడు విగ్రహములను విడిచితిమి. తలవ్రాతను కూడ విడిచితిమా? దేవుడు తన స్వరూపమందు సృజించిన మనుష్యుని నుదుట ఇతరుల మలము మోయుమని ఆయన వ్రాయలేదు. మనుష్యులు వ్రాసిరి. మనుష్యులు వ్రాసినదానిని తుడిచివేయుట పాపము కాదు.

మనవారు అనేకులు తమ పల్లెలు విడిచి వచ్చి చేరిన కోలారు బంగారు గనులనే చూతము. 1880 మొదలుకొని అచ్చట ఆధునిక యంత్రములతో బంగారము త్రవ్విరి. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడెను. భూమి క్రిందనుండి బంగారము వచ్చిన ఆ ఊరిలోనే, భూమిపైన పొడి మరుగుదొడ్లలోని మలమును మనుష్యులు చేతులతో ఎత్తి మోసిరి. ఆ పని చేయు కుటుంబములో 1966లో ఒక బిడ్డ పుట్టెను. ఆయనే బెజవాడ విల్సన్‌గారు. 1980ల నడుమ ఆయన ఆ మరుగుదొడ్లను గూర్చి అధికారులకును, మంత్రులకును, పత్రికలకును ఉత్తరములు వ్రాయనారంభించిరి. చాల ఉత్తరములకు జవాబు రాలేదు. 1993లో ఆ పనిని నిషేధించుచు పార్లమెంటు చట్టము చేసెను గాని మరుగుదొడ్లు అలాగే ఉండెను. అప్పుడు ఆయన వాటి ఫోటోలు తీసిరి. 1994లో మరికొందరితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ అను ఉద్యమము ప్రారంభించిరి. 2003లో సుప్రీంకోర్టులో వ్యాజ్యెము వేసిరి. 2013లో మరింత గట్టి చట్టము వచ్చెను. 2014 మార్చి 27న తీర్పు వచ్చెను. మురుగు కాలువలలో దిగి 1993 తరువాత మరణించిన ప్రతివాని కుటుంబమునకు 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని కోర్టు ఆజ్ఞాపించెను. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించెను.

ఆయనను మన సంఘపు ఖాతాలో వేసికొనుటకు ఈ సంగతి చెప్పుటలేదు. మొదటి ఉత్తరమునుండి తీర్పు వరకు ఎన్ని సంవత్సరములో లెక్కించుడి. పావు శతాబ్దము దాటినది. వాన కొఱకు చూచుచు కలుపు తీయుట అనగా ఇదియే. త్వరగా కోపపడి త్వరగా అలసిపోవువాడు ఈ పని చేయలేడు. ఏమియు చేయక పరలోకము కొఱకు చూచువాడును చేయలేడు.

4. న్యాయాధిపతి వాకిట నిలిచియున్నాడు

ఇంతవరకు ఇతరుల అన్యాయమును గూర్చి విన్నాము. 9వ వచనములో యాకోబు సంఘమువైపు తిరుగుచున్నాడు. మీలో మీరు ఒకరిమీద ఒకరు సణుగుకొనవద్దు, న్యాయాధిపతి తలుపునొద్దనే ఉన్నాడని హెచ్చరించుచున్నాడు. బయట మాట పడినవాడు ఇంటికి వచ్చి భార్యమీద అరచును. మేస్త్రీ చేత అవమానము పొందినవాడు సంఘ కూటములో పదవి కొఱకు జగడమాడును. పైవానిని అనలేని మాట ప్రక్కవానిమీద పడును. ఈ విధముగా అన్యాయము మన గడప దాటి లోపలికి వచ్చి కూర్చుండును.

దేవుని కృపవలన మనలో కొందరు అభివృద్ధి పొందిరి. కొందరు కాంట్రాక్టర్లు, కొందరు సూపర్‌వైజర్లు, కొందరు సొంత ఫ్లాటులు కొనుక్కొన్నవారు. వారు తమ్మును తాము పరీక్షించుకొనవలెను. మన ఇంట గిన్నెలు తోము ఆమెకు నెల మొదటి దినమున జీతము అందుచున్నదా, లేక రెండు మూడుసార్లు తిరిగిన పిమ్మట అందుచున్నదా? ఆమెకు జ్వరము వచ్చిన దినమునకు కూలి కోయుచున్నామా? మన క్రింద పనిచేయువారి పి.ఎఫ్. సొమ్ము వారి జీతములో కోసి, కట్టవలసిన చోట కట్టుచున్నామా? ఆ సొమ్మునకు కూడ నోరున్నది. మన కానుకల పెట్టె చప్పుడు దాని మొఱ్ఱను కప్పివేయలేదు.

12వ వచనమున యాకోబు, అవునన్నది అవునుగాను కాదన్నది కాదుగాను ఉండవలెనని చెప్పుచున్నాడు. కూలి బ్రదుకులో ఈ మాట ఎంత లోతుగా దిగునో చూడుడి. ఇరువురు పనిచేసినచోట నలుగురి పేర్లు హాజరు పట్టీలో వ్రాసి సంతకము పెట్టుమనినప్పుడు విశ్వాసి ఏమనవలెను? తక్కువ కూలి ఇచ్చి, ఎక్కువ ముట్టినట్లు వ్రేలిముద్ర వేయుమనినప్పుడు ఏమనవలెను? రక్షణ సాధనములు లేకుండ మురుగు గుంటలో దిగుమనినప్పుడు ఏమనవలెను? "కాదు" అను ఒక్క మాట. మన తొలి విశ్వాసులు ఆదివారమున చెప్పిన మాట అదియే.

5. సంఘము మోయవలసిన భారము

అయితే ఒక్క సంగతి మిక్కిలి శ్రద్ధగా ఆలోచింపవలెను. బల్లయొద్ద నిలిచి "కాదు అనుడి" అని ప్రసంగించుట సులభము. సోమవారము ఉదయమున మేస్త్రీ ఎదుట అనుట కష్టము. అన్నవానికి పని పోవును, అద్దె ఆగును, పిల్లల ఫీజు ఆగును. ఆ వెల అతడొక్కడే చెల్లింపవలెనా? మన తల్లులు వంట చేయునప్పుడెల్ల గుప్పెడు బియ్యము ప్రక్కన తీసి దేవుని పనికి ఇచ్చుచు వచ్చిరి. ఆ గుప్పెడు బియ్యపు డబ్బాకు ఇది తగిన పని. సత్యము నిమిత్తము పని పోగొట్టుకొన్న సహోదరుని పొయ్యి ఆరిపోకుండ చూచుట సంఘపు బాధ్యత. అట్లు చూడలేని సంఘమునకు అతనిని ధైర్యముగా ఉండుమని చెప్పు హక్కు లేదు.

మరియు మన పిల్లలను గూర్చి పెద్దలు చింతించుచున్నారు. వారు తెలుగు బైబిలు చదువలేకపోవుచున్నారు, కన్నడము, తమిళము, మరాఠీ, ఒరియా మాత్రమే చదువుచున్నారని బాధపడుచున్నారు. వారికి తెలుగు నేర్పుడి, తప్పక నేర్పుడి. గాని వారికి వచ్చిన ఆ భాషను కూడ దేవుడిచ్చిన వరముగా ఎంచుడి. ఆఫీసు కాగితములన్నియు ఆ భాషలోనే ఉన్నవి. నెలకొక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక బల్ల వేయుడి. జీతపు చీటీ, పి.ఎఫ్. కాగితము, ఇ.ఎస్.ఐ. కార్డు, వచ్చిన నోటీసు ఏదైనను తెచ్చుకొననిండు. చదువుకొన్న పిల్లలు చదివి చెప్పుదురు, అర్జీ వ్రాసిపెట్టుదురు. ప్రక్కన పెద్దలు కూర్చుండి ప్రార్థింతురు. కూలివాని పక్షమున యాకోబు పట్టిన కలము మన పిల్లల చేతిలో ఉన్నది.

ఆ బల్లయొద్ద ఈ సంగతులు అందరికిని చెప్పుడి. 2013 చట్టము ప్రకారము రక్షణ సాధనములు లేకుండ ఎవరినైనను మురుగు కాలువలోనికి గాని సెప్టిక్ ట్యాంకులోనికి గాని దింపుట నేరము. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు, అట్టి పనిలో మరణించినవారి కుటుంబమునకు ఇయ్యవలసిన సొమ్మును 10 లక్షలనుండి 30 లక్షలకు పెంచెను. దురదృష్టవశమున ఎవరికైనను అట్టి మరణము సంభవించినయెడల, దుఃఖములోనున్న ఆ భార్య చేత ఆ దినమే ఏ కాగితముమీదను వ్రేలిముద్ర వేయనీయకుడి. సంఘపు పెద్దలలో ఒకరు ఆమె ప్రక్కన నిలువవలెను. పోలీసు ఫిర్యాదు నకలు, శవపరీక్ష నివేదిక తీసికొనవలెను. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము పొందు హక్కున్నది. జిల్లా న్యాయ సేవల సంస్థ ఆఫీసుకు ఆమెను తోడుకొనిపోవుడి. సమాధి కార్యక్రమము జరిపించుటతో మన పరిచర్య ముగియలేదు.

ప్రియులారా, ఇవన్నియు ద్వేషము లేకుండ చేయవలెను. కూలి బిగబట్టినవానికి కూడ ఒక ఆత్మ ఉన్నది. వాని పేరు పెట్టి ప్రార్థింపుడి. వాని యెదుట న్యాయము అడుగుచునే వాని మేలు కోరుడి. బబులోనుకు చెరపట్టబడిన జనులతో దేవుడు యిర్మీయాద్వారా ఏమని చెప్పెను? ఆ పట్టణపు క్షేమము కోరి దాని కొఱకు ప్రార్థించుమనెను. మనమున్న పట్టణములలో పనివానికి న్యాయము దొరికినప్పుడే ఆ పట్టణమునకు క్షేమము. అది మనవారికి మాత్రమే కాదు, మన ప్రక్కన చీపురు పట్టిన ప్రతి కన్నడిగునికిని, తమిళునికిని, ఒరియావానికిని దొరకవలెను.

తొలకరి వర్షము కొంత పడినది. కడవరి వర్షము ఇంకను రావలసియున్నది. అది వచ్చువరకు చేను విడిచిపెట్టక పనిలో నిలిచియుందము. ప్రభువు రాక సమీపించుచున్నది.

ప్రార్థింతము. కూలివాని మొఱ్ఱ ఆలకించు తండ్రీ, పరస్థలములలోనున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. తెల్లవారుజామున చీపురు పట్టు చేతులను కాపాడుము. ఆ చేతుల కష్టమునకు తగిన కూలి అందింపుము. న్యాయము అడుగుటకు మాకు నోరు, వేచియుండుటకు ఓపిక, కష్టములోనున్నవాని ప్రక్కన నిలుచుటకు ప్రేమ దయచేయుము. వడ్రంగివాని పని చేసి చెమట ఎరిగిన మా ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.